వార్తల్లో పదం: నేషనల్ డేటా రిపాజిటరీ

ఏమిటిది?: దేశంలో చమురు, సహజవాయువు అన్వేషణ సమాచారాన్ని భద్రపరిచే జాతీయ భాండాగారం. 2017 జూన్‌లో మొదలైంది. నోయిడాలోని హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ నిర్వహిస్తోంది.

ఏముంటుంది?: భూకంప తరంగ సర్వేలు, బావుల లాగ్‌లు, అన్వేషణ బ్లాకుల సరిహద్దులు. ఆ బ్లాకులకు బిడ్ వేయదలచిన కంపెనీలు ముందుగా ఈ సమాచారాన్నే పరిశీలిస్తాయి. సవివర డేటాకు రిజిస్ట్రేషన్, రుసుము ఉంటాయి.

మనకెందుకు?: గన్నవరం మొదలు మచిలీపట్నం దాకా మన కృష్ణా డెల్టా కృష్ణా-గోదావరి బేసిన్‌లోదే. కైకలూరు, లింగాల ప్రాంతాల్లో ఓఎన్‌జీసీ గ్యాస్ క్షేత్రాలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి ఎగసి మండిన తీరు కోనసీమ మరువలేదు.

పౌరులు ఎక్కడ వెతకాలి?: తమ ప్రాంతంలో తవ్వే బావుల అనుమతుల వివరాలను పర్యావరణ అనుమతుల పోర్టల్ ‘పరివేష్’లో. ఊరి పేరుతో దొరక్కపోతే బ్లాకు, కంపెనీ, జిల్లా పేర్లతో చూడాలి. అనుమతి లేఖలో బావుల సంఖ్య, షరతులు ఉంటాయి. ఆ షరతుల అమలుపై సంస్థ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి.

ఎందుకు ముఖ్యం?: పర్యావరణ అనుమతుల నిబంధనలకు 2020 జనవరిలో చేసిన సవరణతో అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. కాబట్టి ఈ అనుమతి లేఖలు, నివేదికలు చదవడం ప్రతి గ్రామసభ బాధ్యత.