టీచరమ్మ కారూ, దొరకని సామానూ

చికాగోలో 1964 ఏప్రిల్ 15న గెయిల్ అనే ఇరవై రెండేళ్ల టీచరు కార్ల షోరూంకి వెళ్లింది. టాపు మడిచే కారు కావాలంటే, లోపల దాచి ఉంచిన లేత నీలం ఫోర్డ్ మస్టాంగ్ చూపించారు. ఆ మోడల్ లోకానికి తెలియడానికి ఇంకా రెండ్రోజులుంది! అమ్మానాన్నల దగ్గర అప్పు తీసుకుని కొనేసింది.

1979లో కారు మొరాయించింది. భర్త దాన్ని గ్యారేజీలోకి నెట్టి, వచ్చేవారం బాగుచేస్తానన్నాడు. ఆ వారం రావడానికి 27 ఏళ్లు పట్టింది. (మన ఇంట్లో కారే కుళాయిలు గుర్తొస్తే నా పూచీ లేదు.) రిటైరయ్యాక మాత్రం ఆయన నిజంగానే బాగుచేశాడు.

అమెరికాలో ఇలాంటి పాత కార్ల పిచ్చి చాలామందికి ఉంది. బలమైన ఇంజన్లున్న వాటిని ‘మజిల్ కార్లు’ అంటారు. ఇల్లినాయిలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, పక్కింటి పెద్దాయన గ్యారేజీలో పాత మస్టాంగ్ చూశాను. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. అప్పుడు చూడాల్సినవి రెండేనట: పెట్రోలు వస్తోందా, నిప్పురవ్వ పుడుతోందా? ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టరు తీసి, యాక్సిలరేటరు లాగితే కార్బ్యురేటర్‌లో సన్నటి ధార కనపడాలి. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు జిగురులా మారి సన్నటి రంధ్రాల్ని పూడ్చేస్తుంది. ధార బాగానే ఉంటే అనుమానం పాయింట్ల మీదికి పోతుంది. మన అంబాసిడర్ డ్రైవర్లు ఉప్పు కాగితంతో రుద్దేవారే, అవే!

అసలు తంటా సామానుతో. మిక్సీ జారు బుష్ కోసం పాతది పట్టుకెళ్లి చూపిస్తామా, అక్కడ అంతకన్నా కష్టం. 1964 వేసవి దాకా తయారైన మస్టాంగ్‌ల నంబరు కూడా 1965 మోడల్ అనే చెబుతుంది. కానీ వాటికి కరెంటిచ్చేది జనరేటరు, తర్వాతవాటికి ఆల్టర్నేటరు. ‘65 మస్టాంగ్’ అని వైరింగు తెప్పిస్తే అది కలవదు. తలుపు మీది రేకులో తయారీ తేదీ చూసుకోవాలి.

మస్టాంగ్‌కి కొత్తగా పోసిన సామాను బోలెడు దొరుకుతుంది, చివరికి బాడీ మొత్తం కూడా. తక్కువ అమ్ముడైన కార్ల వాళ్లకి ఆ అదృష్టం లేదు. పెన్సిల్వేనియాలోని హెర్షీలో అక్టోబరులో జరిగే సంతలోనో, అరిజోనా పాత ఇనుము దొడ్లలోనో వెతుక్కోవాలి. అరిజోనాయే ఎందుకంటే ఎడారి గాలికి ఇనుము తుప్పు పట్టదు. మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగునంతా తినేస్తుంది.

‘ఒరిజినల్ సామానే ఉండాలి’ అని పట్టుబట్టేవాళ్లతో నేను ఒక్కచోట ఒప్పుకోను. 1967 మోడల్‌కి ముందు మస్టాంగ్‌లలో నాలుగు చక్రాల బ్రేకులకీ ఒకే నూనె దారి. ఎక్కడ కారినా మొత్తం బ్రేకులు పోయినట్టే. రెండు దారులున్నది బిగించుకునే వీలుంది. అది మార్చేదాకా కారెక్కనని పక్కింటావిడ భీష్మించుకుందట. పెద్దాయన మార్చాడు. పాతదాన్ని శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి అలమారలో దాచుకున్నాడు.