కొటియా ఓటర్లు: రెండు కార్డులు, ఒక వేలు

2024 లోక్‌సభ ఎన్నికల్లో బెంగళూరు దక్షిణ నియోజకవర్గంలో సుమారు 53 శాతం పోలింగ్ జరిగింది. అదే రోజు మండ్యలో 81 శాతం దాటింది. ఇలాంటి లెక్కలు చూడగానే మనం ఒక మాట అనేస్తాం: పల్లెవాళ్ళకి బాధ్యత ఎక్కువ, సిటీవాళ్ళకి బద్ధకం ఎక్కువ. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ పోలింగ్ శాతం అంటే ఏమిటి? ఓటేసినవాళ్ళ సంఖ్యని జాబితాలో ఉన్న పేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. అంటే ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే కాదు, ఎవరి పేరు ఎన్ని జాబితాల్లో ఉందన్నది కూడా ముఖ్యమే. ఇది అర్థం కావాలంటే కొటియా కథ తెలుసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దు కొండల్లో ఉన్న 21 ఊళ్ళని కలిపి కొటియా గ్రామాలు అంటారు. ఆంధ్ర లెక్కలో ఇవి సాలూరు మండలంవి, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా. ఒడిశా లెక్కలో కొరాపుట్ జిల్లా, పొట్టంగి బ్లాకు. ఉండేది ఎక్కువగా ఆదివాసులు. కువి, ఒడియా, తెలుగు మూడూ వినిపిస్తాయి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని కొంత భాగం అందులో కలిసింది. ఆ హద్దు గీసేటప్పుడు ఈ ఊళ్ళ సంగతి సరిగ్గా తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఉన్నది ఉన్నట్టే ఉంచమని కోర్టు చెప్పింది. 2006లో ఊళ్ళు ఎవరివో తేలకుండానే ఆ కేసు ముగిసింది.

హద్దు తేలలేదు కాబట్టి రెండు ప్రభుత్వాలూ అక్కడికి వస్తాయి. చాలా ఇళ్ళల్లో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా దాని మీద కోర్టు ధిక్కారం కేసు వేసింది. సరిగ్గా ఏడాదికి, 2022 ఫిబ్రవరిలో, ఒడిశా పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అంటే ఒకే ఊరివాళ్ళకి ఏడాది తేడాలో ఇటు ఒక సర్పంచ్, అటు ఒక సర్పంచ్! 2024 మే 13న అయితే రెండు వైపులా ఒకే రోజు పోలింగ్: ఇటు అరకు లోక్‌సభ, సాలూరు అసెంబ్లీ; అటు కొరాపుట్ లోక్‌సభ, పొట్టంగి అసెంబ్లీ.

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. ఒకే ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండు ఓట్లూ చెల్లవు. పైగా ఎడమ చూపుడు వేలికి సిరా ఉంటుంది కదా (1962 నుంచి ఆ సిరా తయారయ్యేది మన మైసూరులోనే). సిరా ఉన్న వేలితో ఇంకో బూత్‌కి వెళ్తే ఓటు వెయ్యనివ్వరు.

మరి వాళ్ళు రెండో కార్డు ఎందుకు వదులుకోరు? బియ్యం ఒకవైపు నుంచి రావచ్చు, రోడ్డో బడో ఇంకోవైపు నుంచి రావచ్చు. రేపు ఊరు ఎటు పోతుందో తెలియనప్పుడు ఏ జాబితాలోంచి పేరు పోయినా భయమే. ప్రభుత్వాలకీ వాళ్ళ ఓటు కావాలి, ఈ ఊరు మాదే అని చూపించుకోవడానికి. కాబట్టి అక్కడ ఓటంటే పార్టీని ఎంచుకోవడం మాత్రమే కాదు, మేం ఇక్కడ ఉన్నాం అని హాజరు పలకడం కూడా. ఇప్పుడు లెక్క చూడండి. ఒక కొటియా మనిషి చట్టం ప్రకారం ఒక్కచోటే ఓటేస్తే, రెండో జాబితాలో ఆ మనిషి ఓటు వెయ్యనివాళ్ళ కింద పడతారు. బద్ధకం లేకుండానే ఒకవైపు శాతం తగ్గుతుంది.

ఇది కొండల్లో సంగతే అనుకోకండి. మా ఇంట్లో నాన్న పేరు బెంగళూరు జాబితాలో ఉంది, చిత్తూరు జిల్లాలోని మా ఊరి జాబితాలోనూ ఉంది. తీయించమంటే "పేరు తీసేస్తే ఊరితో ఉన్న ఆ ఒక్క సంబంధమూ పోతుంది" అంటారు. ఆయన ఓటేసేది ఊళ్ళోనే. బెంగళూరు లెక్కలో ప్రతిసారీ గైర్హాజరు! కొటియావాళ్ళకి హద్దు తేలలేదు, వాళ్ళ భయం వేరు. మనకి ఆ ఇబ్బంది లేదు, ఒక ఫారం నింపితే సరిపోతుంది. నగరంలో బద్ధకం లేదని నేను అనను. కానీ శాతం చూసి తిట్టేముందు జాబితా కూడా చూడాలి.

మనలో చాలామందికి ఇదే మొదటి ఓటు కాబట్టి చివరగా కొన్ని విషయాలు. ఇప్పుడు 18 ఏళ్ళు నిండాయా అని చూసే తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. హాస్టల్లో ఉండేవాళ్ళు సొంతూరి చిరునామా ఇవ్వచ్చు, హాస్టల్ చిరునామా ఇవ్వచ్చు. రెండూ మాత్రం కుదరవు. ఏది కావాలో ఇప్పుడే ఆలోచించుకోండి. నేను ఫారం 6 నింపాను, బెంగళూరు చిరునామాతో. నాన్నతో ఫారం 7 నింపించడం ఇంకా మిగిలి ఉంది.