పాలకూర పాన్పుపై పచ్చసొన

స్టార్ హోటళ్ల ఆదివారం బ్రంచ్‌లో దొరసానిలా కూర్చునే ఎగ్స్ ఫ్లోరెంటీన్‌కు కావలసినవన్నీ దాదాపు ప్రతి వంటింట్లోనూ ఉన్నాయి. కొరవడేదల్లా ఆకులోని నీళ్లు పిండే ఓపికే.

వెడల్పాటి తెల్లటి పళ్లెం. మధ్యలో ముదురాకుపచ్చ పాలకూర పరుపు. దానిమీద నీటిలో ఉడికిన గుడ్డు. గుడ్డును కప్పుతూ అక్కడక్కడా బంగారు రంగు మచ్చలు తేలిన చిక్కటి తెల్లని సాస్. కత్తి మొన తగలగానే లోపలి పచ్చసొన పగిలి ఆకులోకి జారుతుంది. మహానగరాల పెద్ద హోటళ్లలో ఆదివారం మధ్యాహ్నం దాకా సాగే బ్రంచ్ విందులో ఈ వంటకం దగ్గర జనం ఆగుతారు. బిల్లు చూశాక మరికాస్త ఆగుతారు. రెండు కట్టల పాలకూర, నాలుగు గుడ్లు, కాస్త వెన్న, పాలు, గుప్పెడు చీజ్ తురుము, అంతే కదా అనిపిస్తుంది. నిజానికి అంతే. అయినా ఇంట్లో చేసినప్పుడు చాలామందికి మిగిలేది నీళ్లోడుతున్న ఆకు, గట్టిపడిన సొన, ఉండలు కట్టిన పిండి. లోపం దినుసుల్లో లేదు. నీరు, వేడి అనే రెండింటిని అదుపు చేయడంలో ఉంది.

ముందు పేరు సంగతి. ఫ్రెంచి వంటలో ఫ్లోరెంటీన్ అంటే పాలకూర ఉన్నదని అర్థం. ఇటలీలోని ఫ్లోరెన్స్ ఆడపడుచు కాథరిన్ ద మెదిచీ 1533లో ఫ్రాన్స్ రాజకుమారుడు హెన్రీని పెళ్లాడి అత్తవారింటికి వెళుతూ తన వంటవాళ్లను, పాలకూర మీది మమకారాన్ని వెంట తీసుకెళ్లిందని, అందుకే ఈ పేరు వచ్చిందని కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది. చరిత్రకారులు మాత్రం దాన్ని నమ్మరు. పాలకూర అసలు పుట్టిల్లు పర్షియా. అరబ్బుల వెంట స్పెయిన్ చేరి, కాథరిన్ పుట్టడానికి ఎంతో ముందే యూరప్‌లో స్థిరపడింది. ఇక ఈ వంటకంలోని తెల్ల సాస్‌కు పేరిచ్చిన లూయీ ద బెషమేల్ 14వ లూయీ కొలువులో ఉద్యోగి. ఆయన పుట్టింది 1630లో, కాథరిన్ కన్నుమూసిన నాలుగు దశాబ్దాల తర్వాత. ఆధునిక ఫ్రెంచి పాకశాస్త్రాన్ని క్రోడీకరించిన ఆగుస్త్ ఎస్కోఫియే 1903లో తెచ్చిన 'లె గీద్ క్యులినేర్' నాటికి మాత్రం లెక్క స్థిరపడింది: కింద వెన్నలో మగ్గిన పాలకూర, పైన గుడ్డు, దానిమీద మోర్నే సాస్. మోర్నే అంటే బెషమేల్‌లో చీజ్ కరిగించినది.

బ్రంచ్ కూడా ఫ్రెంచివాళ్ల ఆచారం కాదన్నది ఇక్కడ ఓ పిట్టకథ. అల్పాహారాన్ని, మధ్యాహ్న భోజనాన్ని కలిపేద్దామంటూ 1895లో గై బెరింగర్ అనే ఆంగ్లేయుడు రాసిన వ్యాసంతో ఆ మాట అచ్చుకెక్కింది. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్లకు ఆదివారం ఉదయం కాస్త దయ చూపించాలన్నది ఆయన వాదన. దాన్ని పండగ చేసింది అమెరికా. ఆ క్రమంలోనే ఫ్లోరెంటీన్ వేషమూ మారింది. న్యూయార్క్‌లో పుట్టిన ఎగ్స్ బెనెడిక్ట్‌లో పంది మాంసం తీసేసి పాలకూర పెట్టి, అడుగున గుండ్రటి మఫిన్ రొట్టె, పైన హాలండైజ్ సాస్ వేసి దానికీ ఫ్లోరెంటీన్ అనే పేరు పెట్టారు. నేడు మన హోటళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ అమెరికా రూపమే.

ఇంట్లో చేసుకునేవాళ్లు మాత్రం పాత ఫ్రెంచి పద్ధతిని నమ్ముకోవడం మేలు. హాలండైజ్ అంటే పచ్చసొనలను సన్నని వేడి మీద గిలకొడుతూ, కరిగిన వెన్నను ధారగా కలిపి, నిమ్మరసం పిండేది. వేడి కాస్త ఎక్కువైతే సొన విరుగుతుంది, తక్కువైతే చిక్కబడదు. చేశాక చల్లారనివ్వకూడదు, మళ్లీ మరిగించకూడదు. గోరువెచ్చగా ఉంచాల్సిందే. సరిగ్గా ఆ గోరువెచ్చదనమే సూక్ష్మజీవులకు పుట్టినిల్లు. న్యూయార్క్ షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ 2000లో అచ్చయిన 'కిచెన్ కాన్ఫిడెన్షియల్'లో బ్రంచ్ మీద, ముఖ్యంగా హాలండైజ్ మీద విరుచుకుపడింది ఇందుకే. మే నెల విజయవాడలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వంటింట్లో అలాంటి సాస్‌ను గంటసేపు కాపాడడం సాహసమే. మోర్నే అంత సుకుమారి కాదు. ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టినా, మర్నాడు కాసిని పాలు పోసి వేడి చేస్తే మళ్లీ దారికొస్తుంది.

సరుకుల విషయంలో తెలుగువారు అదృష్టవంతులే. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడోది. 2023-24 కేంద్ర గణాంకాలూ అదే చెబుతున్నాయి. పాలకూర దగ్గరే చిన్న మెలిక ఉంది. మన బజారులో పాలకూర పేరుతో దొరికేది చాలావరకు బీట్‌రూట్ జాతికి చెందిన ఆకు. ఫ్రెంచివాళ్లు వాడేది వేరు, ఉత్తరాదిన దాన్ని విలాయతీ పాలక్ అంటారు. రెండూ ఒకే కుటుంబం కాబట్టి వంటకానికి నష్టం లేదు. మన ఆకు కాస్త మందం, కాడ కాస్త మొరటు. కాడలు తుంచేసి లేత ఆకే తీసుకుంటే సరిపోతుంది. బచ్చలి మాత్రం వద్దు. దాని జిగురు పప్పులో కమ్మగా ఉంటుంది, ఇక్కడ చెడగొడుతుంది.

నలుగురికి అరకిలో పైచిలుకు ఆకు కావాలి. చూడ్డానికి గంపెడు అనిపిస్తుంది. పాలకూరలో 90 శాతానికి పైగా నీరే కాబట్టి చివరికి రెండు మూడు గుప్పిళ్లకు మించదు. ఉప్పు వేసిన నీళ్లు తెర్లుతుండగా ఆకు వేసి, నిమిషంలో తీసి, చన్నీళ్లలో ముంచాలి. రంగు నిలుస్తుంది. తర్వాతిదే అసలు పని: పిండడం. గుమ్మడి వడియాల కోసం బూడిదగుమ్మడి ముక్కలను గుడ్డలో మూటగట్టి, బరువు పెట్టి నీరు కార్చేవాళ్లకు దీన్ని వేరే నేర్పనక్కర్లేదు. పిడికిలిలో పట్టి ఒకసారి, పలుచటి గుడ్డలో కట్టి మెలిపెట్టి మరోసారి. ఇక చుక్క రాదనిపించాక కూడా మరోసారి. ఈ ఒక్కచోట బద్ధకిస్తే ఆ నీరంతా తర్వాత సాస్‌లోకి ఊరి, పళ్లెంలో పచ్చటి మడుగవుతుంది. పిండిన ఆకును ముతకగా తరిగి, రెండు చెంచాల వెన్నలో ఆవిరి ఆగేదాకా వేయించి, మిరియాల పొడి, చిటికెడు జాజికాయ తురుము వేయాలి. జాజికాయను అప్పటికప్పుడు గీరుకోవాలి. పసుపు, జీలకర్ర, వెల్లుల్లి వైపు చెయ్యి పోతుంది కానీ ఇవాళ్టికి ఆపుకోవాలి. పిండిన నీటిని పప్పులో పోసుకోవచ్చన్నది మన ఇళ్ల ఆలోచన. అయితే ఆకులోని ఆక్జలేట్ కొంత ఆ నీటిలోకి దిగుతుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్ల ఇంట్లో పారబోయడమే మంచిది.

సాస్‌కు 25 గ్రాముల వెన్న, అంతే మైదా, 350 మిల్లీలీటర్ల పాలు, 60 గ్రాముల చీజ్. వెన్న కరిగాక మైదా వేసి, రంగు మారకుండా రెండు నిమిషాలు సన్నసెగ మీద వేపాలి. పాలు మొదట కొద్దికొద్దిగా పోస్తూ, ఉండలు లేకుండా గిలకొట్టి, తర్వాత మిగతావి పోయాలి. చిక్కబడగానే దించేస్తే పచ్చిపిండి వాసన పోదు. ఎనిమిది పది నిమిషాలు సన్నగా ఉడకాలి. గరిటెజారుగా ఉండి, గరిటె వెనుక పలుచటి పొరలా అంటుకుంటే పాకం కుదిరినట్టు. చీజ్ వేసేది దించాకే. మరిగే సాస్‌లో వేస్తే తీగలు సాగి నూనె తేలుతుంది. ఫ్రెంచివాళ్లు గ్రుయేర్ వాడతారు. మనకు ప్రతి దుకాణంలో దొరికే ప్రాసెస్డ్ చీజ్‌కు ఆ గింజల కమ్మదనం లేదు, కాకపోతే అందులో కలిపే లవణాల వల్ల విరగదు, నున్నగా కరుగుతుంది. అందులో ఉప్పు ఎక్కువే. కాబట్టి సాస్‌లో వేరే ఉప్పు రుచి చూశాకే.

చాలామంది భయపడేది గుడ్డును పెంకు లేకుండా నీటిలో ఉడికించడానికి. తెల్లసొన 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడడం మొదలెడుతుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70కి గట్టిపడుతుంది. అంటే రెంటికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. కళపెళా మరిగే నీరు ఆ సందును దాటేయడమే కాక, గుడ్డును చిందరవందర చేస్తుంది. వెడల్పాటి గిన్నెలో మూడంగుళాల లోతున నీరు పోసి, లీటరుకు చెంచాడు వెనిగర్ కలిపి, అడుగున చిన్న బుడగలు కనిపించే స్థాయిలో సెగ నిలపాలి. గుడ్డును ముందు చిన్న గిన్నెలోకి కొట్టి, టీ వడబోసే జాలిలో అరనిమిషం ఉంచితే పలుచని తెల్లసొన కారిపోతుంది. నీటిలో పీలికలుగా తేలేది ఆ పలుచని భాగమే. మిగిలినదాన్ని మెల్లగా నీటిలోకి జార్చి, మూడు మూడున్నర నిమిషాల్లో చిల్లుల గరిటెతో తీసి, చన్నీళ్లలో వేయాలి. హోటళ్లవాళ్లు ఇలా ముందే చేసి పెట్టుకుంటారు. ఒకేసారి నలుగురికి వడ్డించగలగడం వెనుక రహస్యం అదే.

దీనికి తాజా గుడ్డు కావాలి. నీళ్లలో వేస్తే అడుగున అడ్డంగా పడుకునేది తాజాది, నిలబడేది పాతది, తేలేది పారేయాల్సింది. పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా తేమ పోయి లోపలి గాలి గది పెరగడమే కారణం. ఎండాకాలం ఆ ముసలితనం త్వరగా వస్తుంది. దొరికింది పాత గుడ్డయితే మరో దారుంది. పెంకుతోనే మరిగే నీటిలో సుమారు ఆరు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, మెల్లగా ఒలవాలి. ఫ్రెంచి పాకశాస్త్రం దీన్నీ అంగీకరిస్తుంది. తాజా గుడ్డుకు పెంకు సరిగా రాదు కాబట్టి ఇక్కడ పాతదే నయం.

ఇక కూర్పు. వెన్న రాసిన వెడల్పాటి పళ్లెంలో వేడి పాలకూర పరిచి, గరిటె వెనుక భాగంతో నాలుగు గుంటలు చేసి, తడి తుడిచిన గుడ్లు కూర్చోబెట్టాలి. వేడి సాస్ పోసి, చీజ్ తురుము చల్లి, ముందుగా బాగా వేడెక్కిన ఓటీజీలో పై కడ్డీ కింద మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. పైన బంగారు మచ్చలు పడగానే తీసేయాలి. సాస్ చల్లగా ఉంటే అది వేడెక్కేలోపు సొన గట్టిపడుతుంది. మైక్రోవేవ్ ఎర్రగా కాల్చలేదు, పైగా గుడ్డును పేల్చేస్తుంది.

ఓవెన్ లేనివాళ్లకు ఫ్రెంచివాళ్లదే మరో వంటకం ఉంది, కోకోత్ గుడ్లు. వాళ్లు చిన్న పింగాణీ గిన్నెలను వేడినీటి పళ్లెంలో పెట్టి చేస్తారు. మనకు ఇడ్లీ పాత్ర చాలు. వెన్న రాసిన స్టీలు గిన్నెల్లో చెంచాడు పాలకూర, దానిమీద గుడ్డు, పైన కాస్త మీగడ, ఉప్పు, మిరియాలు. ఆవిరి నీరు పడకుండా రేకు కాగితం కప్పి, సన్నసెగ మీద తెల్లసొన గట్టిపడేదాకా, ఆరేడు నిమిషాలు. కన్నేసి ఉంచాలి. ఒక్క నిమిషం తేడాలో సొన మారిపోతుంది.

జారే సొన అందరికీ తగదు. గుడ్డులో సాల్మొనెల్లా ఉండే అవకాశం తక్కువే అయినా లేకపోలేదు, అది చావాలంటే సొన గట్టిపడాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు, అనారోగ్యంతో ఉన్నవారికి పూర్తిగా ఉడికిన గుడ్డే పెట్టాలి. పాలకూర, మోర్నే ఉన్నాయి కాబట్టి వాళ్ల పళ్లెం మరీ చిన్నబోదు. గుడ్లను కడిగి దాచకూడదు. కడిగితే పెంకు మీది సహజమైన పొర పోతుంది. వాడబోయే ముందు కడిగి తుడుచుకోవాలి.

పక్కన వెన్న రాసి కాల్చిన రొట్టె ముక్క ఉంటే చాలు, సొనను అద్దుకోవడానికి. ఆమ్లెట్లు, సాసేజ్‌లతో పళ్లెం నింపితే దీని సొగసు పోతుంది. మోర్నే మిగిలితే ఉడికించిన కాలీఫ్లవర్ మీద పోసి రాత్రికి కాల్చుకోవచ్చు. మిగిలిన సాస్ మీద తరక కట్టకుండా, వేడిగా ఉండగానే పైన చెంచాడు వెన్న పూసి మూతపెట్టాలి.