గండికోట కింద బరువైనదేదో ఉంది!

గండికోట వెళ్లినవాళ్లంతా లోయలోకే చూస్తారు. పెన్నా కోసిన ఆ ఎర్రరాతి గోడల ముందు ఒక సెల్ఫీ, ఒక రీల్, అయిపోయింది. నాకు మాత్రం ఆ లోయ అడుగు కంటే చాలా కింద, కిలోమీటర్ల లోతున ఏముందన్నదే ఆసక్తి. అంత లోతుకి ఎవరూ తవ్వలేదు. మరి ఎలా తెలుస్తుంది?

తూకం వేసి!

గ్రావిమీటర్ అని ఒక పరికరం ఉంది. స్ప్రింగుకి వేలాడే చిన్న బరువు, అంతే. కింద బరువైన రాయి ఉంటే భూమి దాన్ని కాస్త ఎక్కువ లాగుతుంది. ఆ తేడాని మిల్లీగాల్‌లో కొలుస్తారు. భూమ్యాకర్షణలో అది దాదాపు పది లక్షల్లో ఒక వంతు. మీరు అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లోర్ పైకెక్కితే, అంటే 3 మీటర్లు, సుమారు 1 మిల్లీగాల్ తగ్గుతుంది. మన ఫోన్ సెన్సర్‌కి అది అందదు.

అసలు పనంతా ఆ తర్వాతే. ఎత్తు వల్ల వచ్చిన తేడా, అక్షాంశం వల్ల వచ్చింది, పక్కనున్న కొండల వల్ల వచ్చింది... అన్నీ లెక్కగట్టి తీసేయాలి. మా భాషలో డేటా క్లీనింగ్. చివరికి మిగిలేదే నేల కింది రాళ్ల సంగతి.

అలా కొలిస్తే నెలవంక ఆకారంలో ఉండే కడప బేసిన్ నైరుతి భాగంలో ఆకర్షణ చుట్టుపక్కల కంటే ఎక్కువ కనిపించింది. పైనేమో ఇసుక, బురద పేరుకుని గట్టిపడిన రాళ్లు. మరి ఈ బరువెక్కడిది? పులివెందుల, తాడిపత్రి ప్రాంతాల్లో ఒక క్లూ ఉంది. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట పొరల మధ్యకి దూరి గడ్డకట్టిన లావా లాంటి నల్లరాయి, డోలరైట్. దానికి మూలమైన పెద్ద ముద్ద ఇంకా లోతుల్లో ఉందన్నది ఎక్కువమంది చెప్పే మాట. ఉల్క పడిందన్న వాదన కూడా వచ్చింది.

రెండు కథలూ ఎలా కుదురుతాయంటారా? గ్రావిటీకున్న పెద్ద తలనొప్పే అది. పైన వెడల్పుగా పరుచుకున్న పలచని ముద్దా, లోతులో ఒకేచోట కుదురుగా ఉన్న ముద్దా దాదాపు ఒకే రీడింగ్ ఇవ్వగలవు. అవుట్‌పుట్ చూసి కోడ్ ఊహించడం లాంటిదన్నమాట. అందుకే ఈ ఒక్క మ్యాప్ చూసి "కింద ఖనిజం గ్యారంటీ" అని ఎవరన్నా అంటే నేను నమ్మను.

అయస్కాంత సర్వే కొన్ని కథల్ని కొట్టేస్తుంది. అదీ తేలిక కాదు. మన దగ్గర భూమి అయస్కాంత రేఖలు నేలకి వాలుగా, అడ్డంగా పోతాయి కాబట్టి, అయస్కాంత గుణమున్న రాయి చాలాసార్లు మ్యాప్‌లో గుట్టలా కాక గుంటలా కనిపిస్తుంది! పైగా మాగ్నెటైట్ 580 డిగ్రీలు దాటితే ఆ గుణమే పోగొట్టుకుంటుంది. అంత వేడి ఉండే లోతు కింద ఈ సర్వేకి చూపు ఆనదు.

అందుకే 1970ల్లో కావలి నుంచి ఉడుపి దాకా, దాదాపు 600 కిలోమీటర్లు, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు సోవియట్ సాయంతో పేలుళ్లు జరిపి ప్రకంపనలు రికార్డు చేశారు. ఆ గీత కడప బేసిన్ మీదుగానే వెళ్తుంది. పొరల లోతులు అలా తెలిశాక గ్రావిటీ లెక్కకి పగ్గాలు పడ్డాయి. బరువైన ముద్ద కథ నిలబడింది. బేసిన్ అసలెందుకు కుంగిందన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు.