ముప్పది యేండ్లు దాటిన ఫుట్‌బాలు క్రీడాకారులు

గత సంవత్సరము దసరా సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము పదవ తరగతి విద్యార్థి యొకడు ఉపాధ్యాయుల గదికి వచ్చి, తన ఫుట్‌బాలు బూట్లను మా బల్లప్రక్కన నుంచి, వానిని చిన్న తరగతుల పిల్లలలో నెవరికైన ఇమ్మని కోరెను. జిల్లా జట్టు ఎంపికలో వానికి చోటు దొరకలేదు. పరీక్షలు ముగిసిన వెంటనే మేనమామగారి దుకాణమున చేర్పవలెనని ఇంటివారి నిర్ణయము. ఆట మానుటకు కారణ మేమని అడుగగా, “ఇంక నాకు వయసైపోయింది సార్” అనెను. వానికి అప్పటికి పదునారేండ్లు. గదిలోనివారు నవ్విరి, మేమును నవ్వితిమి. వాడు మాత్రము నవ్వలేదు. “ఫుట్‌బాలులో ముప్పైకి అంతా అయిపోతుంది సార్. ఇప్పుడే మొదలు కాకపోతే ఇంకెప్పుడు?” అని పోయెను.

వ్యాకరణమును ఛందస్సును చెప్పుకొని బ్రతుకు మాయొద్ద ఆ ప్రశ్నకు సమాధానము లేకపోయెను. పిదప కొన్ని నెలలు చదివియు, తెలిసినవారి నడిగియు తెలిసికొన్న సంగతులను విద్యార్థుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముప్పది యేండ్లకు ఆట ముగియునను మాట వట్టి మూఢనమ్మకము కాదు. నిండు వేగముతో పరుగెత్తు శక్తి సాధారణముగ ఇరువదియైదేండ్ల ప్రాంతమున శిఖరము నందుకొని తరువాత మెల్లగ దిగజారును. మన కండరములలో రెండు జాతుల తంతువులు గలవు. ఒక జాతి చటుక్కున ముడుచుకొని, గొప్ప బలము నిచ్చి, త్వరలో అలసిపోవును. రెండవ జాతి నెమ్మదిగ పనిచేయును గాని చాలసేపు అలయదు. వయస్సు మీరినకొలది ముందుగా క్షీణించునది మొదటి జాతియే. దెబ్బ తగిలినచో మానుటకు పట్టు దినములు పెరుగును. ఒక పందెమున కలిగిన బడలిక తీరుటకును ఎక్కువ విశ్రాంతి కావలసియుండును. ఇవి యన్నియు నిజమే.

అయినను ఒక లెక్కను చూడవలెను. 90 నిమిషముల పందెములో ఒక్కొక్క ఆటగాని కాలియొద్ద బంతి యుండు కాలము మొత్తము రెండు మూడు నిమిషములకు మించదు. తక్కిన కాలమంతయు బంతి లేకయే ఆడవలెను. ఎచ్చట నిలువవలెను, ఎప్పుడు కదలవలెను, బంతి తనకు చేరక మునుపే ఎవరెచ్చట నున్నారో ఎట్లు చూచుకొనవలెను అనునదే ఆ ఆట. దీపావళికి ముందు మన పురసవాక్కం హైరోడ్డులో క్రొత్తగా వచ్చిన పడుచువాడు పరుగెత్తబోయి నలుగురిని గుద్దుకొని నిలిచిపోవును. ముప్పదియేండ్లుగా ఆ వీధిలో తిరిగిన తపాలా బంట్రోతు ఏ సందులో దారి తెరచుకొనునో ముందుగా ఎరిగి, నడచియే వానికంటె ముందు చేరును. మైదానమున వయస్సు ఇచ్చు లాభము ఇట్టిది. కాళ్లు పోగొట్టుకొన్న దానిలో కొంత కన్ను సంపాదించును.

దీనికి ఉదాహరణ వెదకుటకు మన పిల్లలు దూరము పోనక్కరలేదు. మన పేటకు సమీపముననే యున్న జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున 2014లో చెన్నయిన్ జట్టు తొలిసారి ఆడినప్పుడు బ్రెజిలు దేశీయుడగు ఎలానో అందులో నుండెను. అతనికప్పుడు 33 ఏండ్లు. ఆ సంవత్సరపు ఇండియన్ సూపర్ లీగు మొత్తములో అందరికంటె హెచ్చుగ, 8 గోలులు కొట్టినవాడతడే. అదే జట్టునకు శిక్షకుడుగ నుండి తానును ఆడిన ఇటలీ వీరుడు మాటెరాజీకి 41. పరుగులో మన కుర్రవారే వారిని మించియుందురు. కాని ఎలానో నిలిచియున్న బంతిని తన్నునప్పుడు పరుగుతో పని లేదు గదా!

విదేశములలో ఈ విషయమున అగ్రస్థానము ఇంగ్లండు క్రీడాకారుడు స్టాన్లీ మాథ్యూస్‌ది. 1915లో జన్మించిన ఇతడు 1953లో, అనగా 38వ ఏట, ఇంగ్లండు కప్పు చివరి పందెములో బ్లాక్‌పూల్ జట్టు పక్షమున ఆడెను. 3–1గా వెనుకబడిన జట్టు 4–3గా గెలిచెను. ఆనాడు మూడు గోలులు కొట్టినది మార్టెన్సన్ అను వేరొకడు. పందెము మాత్రము నేటికిని మాథ్యూస్ పేరనే వాడుకలో నున్నది. మార్టెన్సన్‌కు అన్యాయము జరిగినదనియే మా అభిప్రాయము. 1956లో ఐరోపా ఖండపు ఉత్తమ క్రీడాకారునికి బంగారు బంతి బహుమానమును నెలకొల్పగా, మొట్టమొదట దానిని పొందినది 41 ఏండ్ల మాథ్యూసే. 1965లో 50 ఏండ్లు నిండిన పిదప తన కడపటి లీగు పందెము నాడి విరమించెను. మద్యమును ధూమపానమును దరిచేరనీయక, నిత్యము వేకువనే వ్యాయామము చేయుట ఆతని నియమము.

హంగరీ దేశీయుడగు పుష్కాష్ కథ మరియొక విధము. 1956లో స్వదేశమున కల్లోలము చెలరేగగా తిరిగి పోనొల్లక, ఆడుటకు అనుమతి లేక, సుమారు రెండేండ్లు ఊరకుండి లావెక్కెను. 1958లో 31వ ఏట స్పెయినులోని రియల్ మాడ్రిడ్ జట్టు ఆతని చేర్చుకొన్నప్పుడు నవ్వినవారు పెక్కుమంది. 1960లో ఐరోపా కప్పు చివరి పందెమున ఆ జట్టు 7–3గా గెలువగా, ఏడింటిలో నాలుగు పుష్కాష్‌వే. కామెరూన్ దేశపు రోజర్ మిల్లా 1990 ప్రపంచకప్పులో 38వ ఏట, ప్రతి పందెమునను నడుమ మాత్రమే దిగి 4 గోలులు కొట్టెను. అలసినవారి నడుమ అలయనివాడై దిగుట వయస్సు మీరిన ఆటగానికి తగిన ఉపాయము.

గోలుకీపర్ల లెక్క వేరు. వారు మైలులకొలది పరుగెత్తనక్కరలేదు. బంతి వచ్చు త్రోవను ఊహించుట వారి విద్య. అది ఏండ్లు గడచినకొలది పండును. రష్యా దేశపు యాషిన్ 1963లో బంగారు బంతిని పొందునప్పటికి ముప్పది దాటెను. ఇటలీ కెప్టెను డినో జోఫ్ 1982లో ప్రపంచకప్పు నెత్తునప్పటికి ఆతనికి 40. మనదేశమున వీరితో చెప్పదగినవాడు పీటర్ తంగరాజ్.

తంగరాజ్ 1935లో హైదరాబాదున తమిళ కుటుంబమున జన్మించెను. మనము తమిళదేశమున తెలుగువారమై పెరుగుచున్నట్లు, అతడు తెలుగుదేశమున తమిళుడై పెరిగెను. మొదట ముందువరుసలో గోలులు కొట్టు ఆటగాడై, పిదప గోలుకీపరుగ మారెను. సైన్యమున మద్రాసు రెజిమెంటులో చేరగా, ఆ రెజిమెంటు జట్టు 1955లోను 1958లోను డ్యూరాండు కప్పు గెలిచెను. 1962లో జకార్తా ఏషియా క్రీడలలో జ్వరముచే కొన్ని పందెములకు దూరమై, దక్షిణ కొరియాతో జరిగిన చివరి పందెమున మరల గోలు ముందర నిలిచెను. భారతదేశము 2–1గా గెలిచి స్వర్ణపతకము నందెను. ఆతనికి అర్జున పురస్కారము లభించినది 1967లో, 31 ఏండ్లు నిండిన పిదప.

ఆ స్వర్ణపతకపు జట్టును తీర్చినవాడు హైదరాబాదీయుడగు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచేత బడిపంతులు. అందుచేత మాకు ఆయనపై కొంత పక్షపాతము కలదని ఒప్పుకొనుచున్నాము. ఉపాధ్యాయ శిక్షణకై మేము పొరుగు రాష్ట్రమున నున్న కాలమున, హైదరాబాదునుండి వచ్చిన సహాధ్యాయులు ఆయన పేరు చెప్పునప్పుడు గొంతు తగ్గించి చెప్పెడివారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. కుర్రవారికి ఆయన చిత్రమైన పోటీలు పెట్టెడివాడు. ఒక పోటీలో బంతిని కాలియొద్ద నుంచుకొని పోరాదు. అందినతోడనే తోటివానికి పంపవలెను. వేరొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నవలెను. ఇవి పదునారేండ్లవానికి విసుగు పుట్టించు నియమములు. కాని వేగము తగ్గిన నాడు ఆటగానిని నిలువబెట్టునవి ఇవియే. ఒక్క కాలిని ఒక్క వేగమును నమ్మినవాడు ఆ వేగముతోడనే ముగియును.

అయినను శిక్షణ యున్న ప్రతివానికిని ముప్పది దాటిన ఆట దక్కునని చెప్పుట అబద్ధమగును. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, రహీం శిష్యులలో మేటి, 1962 స్వర్ణపతక జట్టులోనివాడు. ఊపిరితిత్తుల వ్యాధిచే 1963లోనే, ముప్పది నిండకయే, ఆట విడువవలసివచ్చెను. ఆతని ముప్పదులెట్లుండెడివో ఎవరును చెప్పజాలరు.

అదే సికింద్రాబాదున 1984 ఆగస్టు 3వ తేదీన ఒక సైనికోద్యోగి యింట పుట్టినవాడు సునీల్ ఛెత్రీ. నేపాలీ కుటుంబము, తండ్రి ఉద్యోగము వెంట ఊరూరు తిరిగిన బాల్యము. పొడవరి కాడు. 2005లో పాకిస్థానుపై మొదటి గోలు కొట్టి జాతీయజట్టులో స్థిరపడెను. పిదప జరిగినదానిని గమనింపుడు. 2009లో ఇంగ్లండు జట్టొకటి పిలువగా అచ్చట పనిచేయుటకు అనుమతి దొరకలేదు. 2010లో అమెరికా పోయి నిలువజాలక తిరిగివచ్చెను. 2012లో పోర్చుగల్ పోయెను. అచ్చటను ప్రధాన జట్టులో చోటు చిక్కక మరుసటి యేట తిరిగివచ్చెను. అప్పటికి ఆతనికి 28 ఏండ్లు. ఇంక ఇతడు ఎదుగవలసినంత ఎదిగెనని ఆనాడు ఎవరైన అనుకొనియుండినచో వారిని తప్పుపట్టలేము.

2013లో క్రొత్తగా పుట్టిన బెంగుళూరు జట్టున చేరెను. దేశము పక్షమున ఆతడు కొట్టిన గోలులలో దాదాపు సగము 30 ఏండ్లు నిండిన పిదప వచ్చినవే. 2018 జూన్‌లో బొంబాయిలో జరిగిన పోటీని చూడుడు. మొదటి పందెమున ఆతడు మూడు గోలులు కొట్టినను చూడవచ్చినవారు రెండున్నర వేలమంది మాత్రమే. మరునాడు ఆతడు, మమ్ము తిట్టుటకైనను మైదానమునకు రండని ప్రజలను వేడుకొనెను. రెండుదినముల పిదప కెన్యాతో జరిగిన తన నూరవ అంతర్జాతీయ పందెమునకు మైదానము క్రిక్కిరిసెను. రెండు గోలులు కొట్టెను. ఆ పోటీ ముగియునప్పటికి ఎనిమిది గోలులతో మొత్తము 64 అయి, ఆనాటికి మెస్సీ తన దేశమునకై కొట్టిన సంఖ్యతో సమానమయ్యెను. వయస్సు 33. రెండు దేశములు ఎదుర్కొను జట్లు సమానములు కావు గనుక ఈ పోలికను మితిమీరి సాగదీయరాదు. సంఖ్య మాత్రము సంఖ్యయే.

ఏమి మారెను? భోజన నిద్రల విషయమున ఆతని కఠిన నియమము జగత్ప్రసిద్ధము. ఆటతీరు సైతము మారెను. చిన్నతనమున ప్రక్కవరుసలనుండి దూసుకొనిపోవుచుండెడివాడు, తరువాత రక్షకుల నడుమ రెండడుగుల ఖాళీని కనిపెట్టి, బంతి వచ్చు క్షణమునకు సరిగా అచ్చట నుండుట నేర్చెను. పొట్టివాడయ్యు తలతో గోలులు కొట్టుట దీనివలననే. 2018 మార్చి 17న బెంగుళూరులో జరిగిన లీగు చివరి పందెమున, మన చెన్నై జట్టుపై తొమ్మిదవ నిమిషముననే నేలకు వ్రాలి తలతో కొట్టిన గోలు అట్టిది. చెన్నైవారే 3–2గా గెలిచిరని చెప్పుటకు మేము సంతోషించుచున్నాము.

ఆ లీగులో 2017–18 సంవత్సరమున ఆతడు కొట్టిన గోలులు 14. ఏడేండ్ల పిదప, 2024–25లో, 40 ఏండ్లు నిండినవాడై కొట్టిన గోలులు మరల 14. అందులో కేరళ జట్టుపై ఒక్కనాడే మూడు. 2024 జూన్‌లో 151 పందెములు, 94 గోలులతో జాతీయజట్టునుండి విరమించినవానిని 2025 మార్చిలో తిరిగి పిలువగా, షిల్లాంగులో మాల్దీవులపై 95వది కొట్టెను.

ఆ బూట్లు చాలకాలము మా బల్లక్రిందనే యుండెను. చిన్న తరగతుల పిల్లలకు పెద్దవగుటచే ఎవరికిని ఇయ్యలేకపోతిమి. గత మాసమున వాడు వచ్చి ఈ వ్యాసపు చిత్తుప్రతిని నిలుచుండియే చదివెను. రహీం పోటీల సంగతి యున్న చోట ఆగి, ఎడమకాలితో మాత్రమే ఆడిన జట్లు నిజముగ గోలులు కొట్టినవాయని అడిగెను. పిదప వంగి, బూట్ల దుమ్ము దులిపి తీసికొనిపోయెను. ఆదివారము దుకాణము మధ్యాహ్నము గాని తెరువరట.