ప్రీమియం తగ్గిందని సంబరపడకండి.. డిడక్టిబుల్ ఎంతో చూశారా? టెక్సాస్ తీరంలో గాలి, వడగళ్ల బీమా లెక్క ఇదీ

టెక్సాస్ తీరప్రాంతంలో సొంతిల్లు ఉన్నవాళ్లను ఏటా ఒక కాగితం భయపెడుతోంది. అదే ఇంటి బీమా రెన్యువల్ నోటీసు. కొందరికి ప్రీమియం పెరిగిందని వస్తుంది. కొందరికి గాలి, వడగళ్ల నష్టం ఇక మా పాలసీలో ఉండదని వస్తుంది. ఇంకొందరికి అసలు పాలసీనే కొనసాగించబోమని వస్తుంది. హ్యూస్టన్, పేర్‌ల్యాండ్, లీగ్ సిటీ వైపు స్థిరపడ్డ హైదరాబాదీ, ఆంధ్రా కుటుంబాలకూ ఈ బాధ తప్పడం లేదు.

బిల్లు చూసి కంగారుపడి చాలామంది చేసే పని డిడక్టిబుల్ పెంచేయడం. అలా చేస్తే ప్రీమియం వెంటనే తగ్గుతుంది. కానీ గాలివాన వచ్చి పైకప్పు ఎగిరిపోయిన రోజున, ఆ తగ్గింపుకు ఎన్నో రెట్లు సొంత జేబులోంచి పెట్టాల్సి రావచ్చు. అందుకే సంతకం పెట్టేముందు ఈ బీమా ఎలా పనిచేస్తుందో ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి అర్థం చేసుకోవడం మంచిది.

ఒకే ఇంటికి మూడు పాలసీలా?

మన దగ్గర 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో అగ్నిప్రమాదం, తుపాను, వరద అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆ అలవాటుతో టెక్సాస్ వెళ్లినవాళ్లు అక్కడా ఒక పాలసీ తీసుకుంటే చాలనుకుంటారు. తీరంలో అలా కుదరదు.

అక్కడ మామూలు ఇంటి బీమా నిప్పు, దొంగతనం, పైపు పగలడం వంటివాటికి పనికొస్తుంది. గాలి, వడగళ్ల నష్టాన్ని తీర జిల్లాల్లో చాలా కంపెనీలు అందులోంచి తీసేస్తాయి. దానికి వేరే పాలసీ కావాలి. ఇక వరద ఈ రెండింటిలోనూ ఉండదు. దానికి మూడో పాలసీ తీసుకోవాలి. ఎక్కువమంది దాన్ని కేంద్ర ప్రభుత్వ పథకమైన నేషనల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ ప్రోగ్రామ్ కింద తీసుకుంటారు. ఇందులో ఇంటి కట్టడానికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, లోపలి సామానుకు 1,00,000 డాలర్లు వస్తాయి.

గాలికీ నీటికీ మధ్య ఈ గీత చాలా ముఖ్యం. 2008 సెప్టెంబర్‌లో ఐక్ తుపాను గాల్వెస్టన్ దగ్గర తీరం దాటినప్పుడు కొన్నిచోట్ల ఇళ్లు పూర్తిగా కొట్టుకుపోయి కింద కాంక్రీటు పలక మాత్రమే మిగిలింది. ఇల్లు ముందు గాలికి కూలిందా, తర్వాత సముద్రపు నీటికి పోయిందా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. 2017లో హార్వీ వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో వేలాది ఇళ్లు నీట మునిగాయి. ఇంటి బీమా ఉన్నా వరద పాలసీ లేనివాళ్లకు ఆ నీటి నష్టానికి పరిహారం రాలేదు.

గాలి బీమా ఇచ్చేది ఎవరు?

1970లో సీలియా తుపాను కార్పస్ క్రిస్టీ ప్రాంతాన్ని దెబ్బతీసింది. ఆ తర్వాత 1971లో టెక్సాస్ శాసనసభ 'టెక్సాస్ విండ్‌స్టార్మ్ ఇన్సూరెన్స్ అసోసియేషన్'ను ఏర్పాటు చేసింది. అందరూ 'ట్వియా' అంటారు. ప్రైవేటు కంపెనీలు కాదన్నవాళ్లకు గాలి, వడగళ్ల బీమా ఇవ్వడమే దీని పని. తీరంలోని 14 కౌంటీలు, హ్యారిస్ కౌంటీలో హైవే 146కు తూర్పున ఉన్న కొంత భాగం దీని పరిధి. అంటే గాల్వెస్టన్ కౌంటీ, బ్రజోరియా కౌంటీ ఇందులోకి వస్తాయి. పేర్‌ల్యాండ్ చాలా భాగం బ్రజోరియాలోనే ఉంది. మన కుటుంబాలు ఎక్కువగా ఉండే షుగర్‌ల్యాండ్ ఫోర్ట్ బెండ్ కౌంటీ కాబట్టి పరిధిలోకి రాదు. అక్కడ గాలి నష్టం సాధారణంగా ఇంటి పాలసీలోనే ఉంటుంది. అయినా దాని డిడక్టిబుల్ విడిగా రాసి ఉంటుంది.

ట్వియా పాలసీ కావాలంటే కనీసం ఒక ప్రైవేటు కంపెనీ కాదని చెప్పి ఉండాలి. ఇల్లు తుపాను గాలుల నిబంధనల ప్రకారం కట్టినట్టు సర్టిఫికెట్ కూడా ఉండాలి. దీన్ని డబ్ల్యూపీఐ-8 అంటారు. పైకప్పు మార్చినా ఇది కొత్తగా తీసుకోవాలి. తీరంలో ఇల్లు కొనేవాళ్లు ధర మాట్లాడకముందే ఈ కాగితం అడగాలి. అది లేకపోతే తర్వాత బీమాకే కాదు, ఇల్లు అమ్ముకోవడానికీ ఇబ్బంది పడతారు.

రేట్లు ఎందుకు పెరుగుతున్నాయి?

పెద్ద తుపాను వస్తే ఒకేరోజు వేల ఇళ్లకు నష్టం జరుగుతుంది. ఆ భారం మోయలేక బీమా కంపెనీలు కూడా తమకు తాము బీమా చేయించుకుంటాయి. దాన్ని రీఇన్సూరెన్స్ అంటారు. కొన్నేళ్లుగా అది ఖరీదైంది. మరోవైపు చెక్క, షింగిల్స్, కూలి ధరలు కోవిడ్ తర్వాత బాగా పెరిగాయి. ఇల్లు తిరిగి కట్టే ఖర్చు పెరిగితే బీమా మొత్తం పెరుగుతుంది, దానితోపాటు ప్రీమియమూ పెరుగుతుంది.

వాతావరణం కూడా ఊరుకోవడం లేదు. 2024 మే 16న వచ్చిన పెనుగాలికి హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో ఆకాశహర్మ్యాల అద్దాలు పగిలిపోయాయి. రెండు నెలలు తిరక్కుండానే జులై 8న బెరిల్ తుపాను మాటగోర్డా దగ్గర తీరం దాటింది. 20 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. అదే ఏడాది ట్వియా బోర్డు రేట్లు 10 శాతం పెంచాలని తీర్మానించింది. తీర ప్రాంత ప్రజలు, నాయకులు గట్టిగా వ్యతిరేకించారు. చివరికి రాష్ట్ర బీమా కమిషనర్ ఆ పెంపును తిరస్కరించారు. జనం తమ మాట వినిపిస్తే ఫలితం ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది

నష్టం జరిగినప్పుడు ముందుగా మనం భరించాల్సిన మొత్తమే డిడక్టిబుల్. కారు బీమాలో అది 500, 1,000 డాలర్లు అని సూటిగా ఉంటుంది. గాలి, వడగళ్ల విషయంలో శాతంలో ఉంటుంది. ఆ శాతం నష్టం మీద లెక్కకట్టరు, ఇంటి బీమా మొత్తం మీద కడతారు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఒక లెక్క చూద్దాం. ఇంటి బీమా 4,00,000 డాలర్లు అనుకోండి. డిడక్టిబుల్ 2 శాతం అయితే 8,000 డాలర్లు. 5 శాతం అయితే 20,000 డాలర్లు. గాలికి పైకప్పు దెబ్బతిని 15,000 డాలర్ల నష్టం జరిగింది. మొదటి పాలసీలో 7,000 డాలర్లు వస్తాయి. రెండో పాలసీలో ఒక్క పైసా రాదు.

ఇప్పుడు రెండోవైపు చూడండి. 2 నుంచి 5 శాతానికి మారినందుకు ఏడాదికి 600 డాలర్లు మిగిలాయనుకుందాం. రెండు డిడక్టిబుళ్ల మధ్య తేడా 12,000 డాలర్లు. ఆ తేడా పూడాలంటే 20 ఏళ్లు పెద్ద గాలివాన రాకూడదు. ఐక్ 2008లో, హార్వీ 2017లో, బెరిల్ 2024లో వచ్చాయి. 16 ఏళ్లలో మూడన్నమాట.

డిడక్టిబుల్ పెంచడం అన్నిసార్లూ తప్పే అని చెప్పలేం. ఆ మొత్తం బ్యాంకులో విడిగా, ముట్టుకోకుండా ఉంచగలిగిన కుటుంబానికి అది సరైన బేరమే కావచ్చు. ఉంచలేని కుటుంబానికి మాత్రం అది పేరుకే బీమా.

పైకప్పు వయసు కూడా చూస్తారు

పైకప్పుకు కొత్తదాని ఖర్చు ఇస్తారా, పాతబడినంత కోసేసి ఇస్తారా అన్నది పాలసీలో రాసి ఉంటుంది. రెండోదాన్ని యాక్చువల్ క్యాష్ వాల్యూ అంటారు. కొత్త పైకప్పుకు 18,000 డాలర్లు అవుతుంది, పాతది నాలుగింట మూడొంతులు అరిగిపోయిందని తేల్చారు అనుకోండి. దాని విలువ 4,500 డాలర్లు. డిడక్టిబుల్ 8,000 అయితే చేతికి వచ్చేది సున్నా. ప్రీమియం తక్కువగా ఉన్న పాలసీ కనిపిస్తే ముందు ఈ వాక్యం ఉందేమో వెతకండి.

వడగళ్లను తట్టుకునే షింగిల్స్ వేసుకుంటే కొన్ని కంపెనీలు రాయితీ ఇస్తాయి. వాటిలో 'క్లాస్ 4' రకం అన్నిటికంటే గట్టిది. అయితే ఆ రాయితీతోపాటు, చూపుకు మాత్రమే దెబ్బతిన్న పైకప్పుకు డబ్బు ఇవ్వబోమనే షరతు పెట్టవచ్చు. అదీ అడిగి తెలుసుకోండి.

బీమా మానేస్తే ఏమవుతుంది?

లోన్ ఉన్నంతకాలం మానడానికి వీల్లేదు. వడ్డీ లేని ఇస్లామిక్ పద్ధతిలో ఇల్లు తీసుకున్నవాళ్లకూ ఆస్తి బీమా షరతు ఉంటుంది. పాలసీ ఆగిపోతే ఫైనాన్స్ సంస్థే తన తరఫున ఒక పాలసీ తీసుకుని ఆ ఖర్చు మన నెలసరి వాయిదాలో కలుపుతుంది. అది సాధారణంగా చాలా ఖరీదు. పైగా ఎక్కువగా కట్టడానికే తప్ప మన సామానుకు రక్షణ ఉండదు. వాయిదా ఉన్నట్టుండి పెరిగితే ఎస్క్రో ఖాతాలో బీమా, ప్రాపర్టీ ట్యాక్స్ లెక్కలు వెంటనే చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సినవి

• రెన్యువల్ కాగితంలో డిక్లరేషన్ పేజీ తీయండి. గాలి, వడగళ్ల డిడక్టిబుల్ శాతాన్ని డాలర్లలోకి మార్చి పెన్నుతో పక్కన రాసుకోండి.

• ఒక్క ఏజెంటుతో ఆగిపోవద్దు. అన్ని కంపెనీలకూ ఒకే బీమా మొత్తం, ఒకే డిడక్టిబుల్ చెప్పి రేట్లు అడగండి. లేకపోతే పోలిక కుదరదు.

• వరద పాలసీకి సాధారణంగా 30 రోజుల నిరీక్షణ ఉంటుంది. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. అంటే ఏప్రిల్‌లోనే తీసుకోవాలి. తుపాను మెక్సికో గల్ఫ్‌లోకి వచ్చాక ట్వియా కొత్త పాలసీలు తీసుకోదు.

• ఇంటిని లోపల, బయట, పైకప్పుతో సహా ఫోన్లో వీడియో తీసి, హైదరాబాద్‌లో ఉన్న అమ్మీకో తమ్ముడికో కూడా పంపి ఉంచండి. మీ ఫోన్ తడిసినా ఆధారం మిగులుతుంది.

నష్టం జరిగాక జాగ్రత్త

వడగళ్లు పడ్డ మర్నాడే తలుపు తట్టే కాంట్రాక్టర్లు ఉంటారు. 'డిడక్టిబుల్ మీరు కట్టక్కర్లేదు భాయ్, మేం సర్దేస్తాం' అంటారు. ఆ మాటకు లొంగొద్దు. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో అలా చేయడం నేరం. డిడక్టిబుల్ కట్టినట్టు రసీదు చూపమని బీమా కంపెనీ అడగవచ్చు కూడా. పైకప్పు వేసే కాంట్రాక్టరే మన తరఫున క్లెయిమ్ బేరమాడటమూ చట్టవిరుద్ధమే. దానికి లైసెన్సున్న పబ్లిక్ అడ్జస్టర్లు ఉంటారు. వాళ్ల ఫీజు క్లెయిమ్ మొత్తంలో 10 శాతం మించకూడదు.

ట్వియా పాలసీ ఉంటే నష్టం జరిగిన ఏడాదిలోగా క్లెయిమ్ వేయాలి. అంతదాకా ఆగకుండా, ముందు ఫొటోలు తీసి, వాన లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పి, ఆ రసీదులు దాచండి. కంపెనీ ఇచ్చిన లెక్క సరిగా లేదనిపిస్తే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఈసారి రెన్యువల్ నోటీసు రాగానే కింద ఉన్న బిల్లు మొత్తం తర్వాత చూడండి. ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: రేపు పైకప్పు పోతే, డిడక్టిబుల్ మొత్తం మన దగ్గర ఉందా? ఉంటే సంతకం పెట్టండి. లేకపోతే ఆ రోజే ఏజెంటుకు ఫోన్ చేయండి.