విల్లాకి మా పదకొండుగురు

బర్మింగ్‌హామ్‌లో క్రికెట్ పిచ్చి తీర్చుకోవడానికి ఎడ్జ్‌బాస్టన్ ఉంది. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది అటే వెళ్తారు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలు స్కూల్లో ముందుగా తేల్చుకోవాల్సింది వేరే ఉంది: విల్లానా, బ్లూసా? మావాడు విల్లా అన్నాడు. ఇక ఇంటిల్లిపాదికీ అదే జట్టు.

1874లో పుట్టిన ఆస్టన్ విల్లాలో దీర్ఘకాలం ఆడినవాళ్లతో ఒక ఆల్‌టైమ్ జట్టు వేద్దామని ఈమధ్య ఇద్దరం కూర్చున్నాం. క్లబ్ తరఫున కనీసం 300 మ్యాచ్‌లు ఆడి ఉండాలన్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఫిల్టర్ లేకుండా లిస్టు చూడలేను. గొడవ అక్కడే మొదలైంది. మావాడి గోడ మీద ఉన్నది జాక్ గ్రీలిష్. చిన్నప్పుడే క్లబ్‌లో చేరి, కెప్టెన్ అయి, 2021లో పది కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. ఆడినవి 213. ‘‘నాన్నా, వాడు పుట్టుకతోనే విల్లా. వాడు లేకుండా ఎలా?’’ అన్నాడు. లేకుండానే వేశాం.

ముందు రాసిన పేరు లెఫ్ట్ బ్యాక్ చార్లీ ఐట్‌కెన్. 660 మ్యాచ్‌లు, క్లబ్ రికార్డు. 1961లో మొదలుపెట్టి 1976 దాకా ఆడాడు. మధ్యలో 1970లో విల్లా మూడో డివిజన్‌కి పడిపోయింది. రెండేళ్లు అక్కడే మగ్గింది. ఆయన కదల్లేదు. మా ఫీల్డులో మూడేళ్లు ఒకే కంపెనీలో ఉంటే ‘ఇంకా అక్కడేనా?’ అని జాలిగా చూస్తారు!

గోల్‌కీపర్ నైజెల్ స్పింక్. 1982 మే 26న రోటర్‌డామ్‌లో యూరోపియన్ కప్ ఫైనల్. ఆట మొదలైన పది నిమిషాల్లోపే కీపర్ జిమ్మీ రిమ్మర్ గాయంతో బయటికొచ్చాడు. అప్పటిదాకా సీనియర్ జట్టుకి ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన స్పింక్ దిగి, బేయర్న్ మ్యూనిక్‌కి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత మరో పద్నాలుగేళ్లు క్లబ్‌లోనే ఉన్నాడు.

రైట్ బ్యాక్ 1920ల నాటి టామీ స్మార్ట్. సెంటర్‌లో అలన్ ఎవాన్స్, పాల్ మెక్‌గ్రా. మెక్‌గ్రా మోకాళ్లు ఎంత పాడంటే ప్రాక్టీసుకి సరిగా వచ్చేవాడే కాదు. అయినా 300 దాటాడు, 1993లో తోటి ఆటగాళ్ల ఓట్లతో దేశంలోనే ఉత్తమ ఆటగాడయ్యాడు.

మిడ్‌ఫీల్డ్‌లో కెప్టెన్ డెనిస్ మార్టిమర్, గారెత్ బారీ గురించి వాదన లేదు. 1980-81లో లీగ్ గెలిచినప్పుడు సీజన్ మొత్తానికి విల్లా వాడింది 14 మందినే, వాళ్లకి నాయకుడు మార్టిమర్. మూడోవాడు గోర్డన్ కోవన్స్ దగ్గర మావాడు అడ్డుపడ్డాడు. 1985లో ఇటలీలోని బారీకి వెళ్లి 1988లో తిరిగొచ్చాడు, 1991లో మళ్లీ వెళ్లి 1993లో మళ్లీ వచ్చాడు. ‘‘వదిలేసి వెళ్లినవాడు లెక్కలోకి ఎలా వస్తాడు?’’ వస్తాడన్నాను, మూడు విడతలూ కలిపితే 528. ‘‘మరి నీకు ఇక్కడ ఎన్ని, ఖమ్మంలో ఎన్ని?’’ అన్నాడు. అక్కడ ఇరవై నాలుగేళ్లు, ఇక్కడ పంతొమ్మిది. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది కూడా దాదాపు ఇదే. ఇంకో ఐదేళ్లలో రెండూ సమానమవుతాయని వాడే లెక్కకట్టి చెప్పాడు. నేను స్ట్రైకర్ల దగ్గరికి వెళ్దామన్నాను.

బిల్లీ వాకర్ 244 గోల్స్, హ్యారీ హాంప్టన్ 242. పక్కన బ్రియాన్ లిటిల్. గాయంతో చిన్న వయసులోనే ఆట మానేసినా మా గీత దాటాడు. హాంప్టన్‌ని చూసినవాళ్లు ఎవరూ లేరు కదా, మన అగ్బోన్లాహోర్ ఎర్డింగ్టన్ కుర్రాడు, 391 మ్యాచ్‌లు అని మావాడి పట్టు. ప్రీమియర్ లీగ్‌లో ఆయన 74 గోల్స్ రికార్డుని ఒలీ వాట్కిన్స్ దాటింది 2025లోనే. బెంచి మీద కూర్చోబెట్టి రాజీపడ్డాం.

కాగితం పక్కింటి పెద్దాయనకి చూపించాను. రెండుసార్లు చదివి ‘‘పీటర్ విత్ ఏడీ?’’ అన్నాడు. రోటర్‌డామ్‌లో ఆ ఒక్క గోల్ కొట్టింది విత్. ఆడినవి 300కి తక్కువ, మా నిబంధన వివరించాను. ఆయన ఓపిగ్గా విని, పెన్ను అడిగి, అగ్బోన్లాహోర్ కింద ఆ పేరు రాసి ఇచ్చాడు. ఆ రాత్రి రోటర్‌డామ్ స్టేడియంలో ఉన్న మనిషి. కొట్టెయ్యమని మావాడు కూడా అనలేదు.